ఏడో గది తలుపు

ఒంటరిగా వ్రాసుకునే కథ ఆగిపోతే రచయిత ఒక్కడే బాధపడతాడు. పదిమంది కలిసి వ్రాసే కథ ఆగిపోతే వారి మధ్య స్నేహం కూడా కుంటుపడుతుంది. ఈ సంగతి నాకు 2007లో అనుభవానికి వచ్చింది.

అప్పట్లో మేము ఆరుగురం, ఇద్దరం హైదరాబాదులోను, తక్కినవారు తలో దేశంలోను ఉంటూ, అంతర్జాలంలో ఒక వైజ్ఞానిక కల్పన వ్రాసేవాళ్ళం. దాన్ని కథ అనడం కంటే ఆట అనడం సబబు. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర. తన పాత్ర ఏమి చేసిందో, ఏమి పలికిందో తానే వ్రాయాలి. ఎదుటివారి పాత్ర నోట మాట పెట్టరాదు. వారి అనుమతి లేకుండా ఆ పాత్రను గాయపరచరాదు, చంపరాదు. ఈ తరహా ఆటలకు ప్రాణం వంటి నియమం ఇదే.

మా ఓడ పేరు అరుంధతి. గమ్యం టౌ సెటి నక్షత్రం. అది మనకు సుమారు 12 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాంతి వేగంలో పదో వంతుతో పోయినా 120 ఏళ్ళ ప్రయాణం. అందుచేత ప్రయాణికులంతా శీతల నిద్రలో ఉంటారు. వంతులవారీగా ఆరుగురు మాత్రం మేలుకుని కాపలా కాస్తారు. నాది వైద్యుని పాత్ర.

ఇంజనీరు పాత్ర తీసుకున్న మిత్రుడు మా అందరిలోకీ బాగా వ్రాసేవాడు. ఒకనాటి రాత్రి ఆయన పంపిన టపాలో ఇంజనీరు ఏడో గది తలుపు తెరిచి లోపలికి చూశాడు. చూసి, "ఎవరినీ ఇటు రానివ్వకండి" అని మైకులో ఒక్క మాట అన్నాడు. టపా అక్కడితో ముగిసింది. ఆ తరువాత ఆయన దగ్గర నుంచి కబురు లేదు. వారం గడిచింది, నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి.

గదిలో ఏముందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. వెళ్ళి చూద్దామంటే గుమ్మంలో ఆయన పాత్ర నిలబడి ఉంది, వద్దని చెప్పి మరీ నిలబడి ఉంది. ఆ మూడు నెలల్లో తక్కినవాళ్ళం పదకొండు టపాలు వ్రాశాం. కాఫీలు త్రాగాం, నడవాలో పచార్లు చేశాం, పాత తగవులు తవ్వుకున్నాం. అన్నీ కలిపి చూస్తే ఓడ గడియారం నలభై నిమిషాలు మాత్రమే కదిలింది.

ఓపిక నశించింది. ఆ టపా రానట్టే భావించి కొట్టివేద్దామన్నారు ఒకరు. దీన్నే ఈ ఆటల పరిభాషలో రెట్‌కాన్ అంటారు. ఇంజనీరును చంపేద్దామన్నారు మరొకరు. దాచడమెందుకు, నేనూ చంపడానికే మొగ్గాను. ఒక చావు దృశ్యం వ్రాసి పెట్టుకున్నాను కూడా. అందులో ఇంజనీరు ద్రోహి. మర్నాడు చదువుకుంటే నాకే వెగటు పుట్టింది. ఆ చావు కథ కోరినది కాదు, నా ఉక్రోషం కోరినది.

అప్పుడు నాకు మన భారతం గుర్తుకు వచ్చింది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కోరికపై ఆరంభించిన నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీ జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా వ్రాశాడు. మా ఆటలోనైతే కాలాన్ని దాటించడం అనేవాళ్ళం. ఆ ఖాళీని పూరించినవాడు 14వ శతాబ్దపు ఎఱ్ఱన. పూరించి, తన కాలపు ప్రభువుకు కాక, ఏనాడో గతించిన రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చాడు, అంతా నన్నయ వ్రాసినట్టే. పరాయివాడి వాక్యాన్ని పూర్తి చేసేవాడు తన గొంతు ఎంత తగ్గించుకోవాలో అక్కడ తెలుస్తుంది.

ఇంకొక ఉదాహరణ ఇంగ్లీషులో ఉంది. 1931లో డిటెక్షన్ క్లబ్ సభ్యులు, అగాథా క్రిస్టీ, డరోతీ సేయర్స్ మొదలైనవారు, 'ది ఫ్లోటింగ్ అడ్మిరల్' అనే అపరాధ పరిశోధక నవలను తలా ఒక అధ్యాయంగా వ్రాశారు. కథను ఊరికే చిక్కుపెట్టి తప్పుకోవడం కుదరదు. మొదటి అధ్యాయాల వారిని మినహాయిస్తే, ప్రతివారూ తమ అధ్యాయంతో పాటు, ఈ ముడి ఇలా విడుతుందని తాము అనుకున్నది కూడా వ్రాసి ఇవ్వాలి. ఆఖరి అధ్యాయం ఆంథొనీ బర్క్‌లీ వంతు వచ్చింది. దాని పేరుకు అర్థం, గందరగోళాన్ని చక్కబెట్టడం!

నేనూ అదే పని చేశాను. గదిలో ఏముందనుకుంటున్నారో విడివిడిగా వ్రాసి పంపమని మిత్రులను అడిగాను. ఒకరు గ్రహాంతర జీవి అన్నారు, ఒకరు బాంబు అన్నారు, ఒకరు దొంగతనంగా ఎక్కిన ప్రయాణికుడు అన్నారు. గది ఖాళీగా ఉందన్నవారు ఒకరు. ఇన్ని రకాలుగా ఊహిస్తున్నాం కనుకనే ఎవరమూ అడుగు వేయలేకపోయామని అర్థమైంది.

తరువాత ఇంజనీరు వ్రాసిన టపాలన్నీ మొదటి నుంచి మళ్ళీ చదివాను. రెండు చోట్ల నీటి ప్రస్తావన కనిపించింది. తొట్టిలో మట్టం కాస్త తగ్గిందని ఒకచోట, తన వంతు నీళ్ళు మిగిల్చాడని మరొకచోట ఉంది. మా ఓడ పటంలో ఏడో గది అణు రియాక్టరును ఆనుకుని ఉంది. న్యూట్రాన్లను అడ్డగించడానికి నీరు మంచి కవచం. ఆ నీటిగోడ కారిపోతే గదిలోకి పోవడం ప్రమాదం. అంటే "రానివ్వకండి" అన్న మాటలో రహస్యమేమీ లేదు. అది మమ్మల్ని కాపాడడానికి అన్న మాట!

ఆయనకు ఈ సంగతంతా ఉత్తరం వ్రాసి, అనుమతి కోరి, పదిహేను రోజులు ఆగాను. జవాబు లేదు. అప్పుడు వ్రాశాను. రియాక్టరు ఆపించి, వైద్యుడు ఇంజనీరును బయటకు తెచ్చి, చికిత్స చేసి శీతల నిద్రలో పడుకోబెట్టాడు. ఆయన నోట ఒక్క మాట కూడా పెట్టలేదు. నీరు తగ్గినందున అందరి వంతులో కోత పడింది, దాని మీద ఓడలో తిరుగుబాటు రేగింది. ఆ వారంలోనే ఓడ గడియారం ఆరు రోజులు కదిలింది.

ఎనిమిది నెలల తరువాత ఆయన తిరిగి వచ్చాడు. ఆ రోజుల్లో తండ్రిగారు ఆసుపత్రిలో ఉన్నారట. ఆయన పోయాక అమ్మగారికి తోడుగా ఊళ్ళోనే ఉండిపోయాడట. మేము ఇంజనీరును ద్రోహిని చేయాలనుకున్న రోజులు అవే. అనుకున్న సంగతి ఆయనకు చెప్పాను. నా చావు దృశ్యం కూడా పంపాను. చదివి, "బాగానే చంపారు" అన్నాడు.

ఏడో గదిలో తాను ఏమి ఉంచాలనుకున్నాడో అడిగాను. "ఏమీ అనుకోలేదండీ. మర్నాడు ఆలోచిద్దామనుకున్నాను" అన్నాడు. మరి ఆ నీళ్ళ సంగతి? ఆ వారం వాళ్ళ ఇంటికి కుళాయి నీళ్ళు రాలేదట. ఆ చిరాకులో వ్రాశాడట, అంతే!

ఎఱ్ఱన పూరించినది నన్నయ మనసులో ఉన్నదే అని ఎవరు చెప్పగలరు? ఆ మాట పైకి అంటే మిత్రుడు నవ్వి, ఇకపై తనదీ అదే ఉద్దేశం అనుకోమన్నాడు. ఆ వారాంతంలో ఇంజనీరును నిద్ర లేపుతూ టపా పంపాడు. అతను కళ్ళు తెరిచి వైద్యుణ్ణి అడిగిన మొదటి మాట, "మంచినీళ్ళు ఉన్నాయా?"

అరుంధతి టౌ సెటి చేరలేదు. ఉద్యోగాలు, పిల్లలు, బదిలీలు అడ్డుపడి 2009లో ఆట ముగిసింది. అందరం చెప్పుకునే ముగించాం. పేరుపేరునా అందరి పాత్రలనూ శీతల నిద్రలో పడుకోబెట్టి, దీపాలు ఆర్పే టపా ఇంజనీరు చేతనే వ్రాయించాం.