అవ్వ అడిగిన ప్రశ్న

మా రాయచూరులో మన తెలుగు కుటుంబాలకు ఇంట తెలుగు, బజారున కన్నడము. 1956 నవంబరు 1న జిల్లా హైదరాబాదు రాష్ట్రము నుండి మైసూరులో చేరినప్పటి నుండి బడిచదువు కూడ చాలమందికి కన్నడమే. మేమును అట్లే చదివి, ఆఫీసులో కన్నడముననే నోట్లు వ్రాయుచున్న గుమాస్తాలము. దేవుని వాక్యము మాత్రము తెలుగుననే విని పెరిగినాము.

మా అవ్వకు అక్షరము రాదు. అయినను రూతు కథ, యోసేపు కథ వరుస తప్పక చెప్పేది. అన్నీ ఆదివారపు ప్రసంగాలలో విన్నవే. గుడి నుండి రాగానే, "ఈ పొద్దు ఏ భాగము చదివినారు? ఏమి చెప్పినారు?" అని మమ్ములను అడిగి, ఆ తరువాతనే అన్నము పెట్టేది.

పదిహేనేండ్ల క్రిందట మేము సంఘపు కమిటీలో ఉంటిమి. ప్రహరీగోడ సగములో నిలిచిపోయినది. ఆ ఆదివారము చందా సంగతే చెప్పవలెనని అయ్యగారిని మేమే బలవంతపెట్టినాము. ఆయన ఒక వచనము చదివి, గ్రంథము మూసి, ముప్పావు గంట గోడను గూర్చి మాట్లాడినారు. చందా బాగానే వచ్చినది. ఇంటికి పోగా, మంచము పట్టిన అవ్వ అదే ప్రశ్న అడిగినది. మాకు జవాబు లేదు. ఆమె ఏమీ అనక అటు తిరిగి పండుకొన్నది. మా తప్పు మాకప్పుడు తెలిసినది.

అసలు ఉత్తర్వు చూడక నోటు వ్రాసిన గుమాస్తాకు చీవాట్లు తప్పవు. గ్రంథము మూసి చేసిన ప్రసంగమూ అట్టిదే. నెహెమ్యా 8వ అధ్యాయములో ఎజ్రా కొయ్యపీఠముపై నిలిచి ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివినాడు. లేవీయులు దాని అర్థము విడమరచి చెప్పినారు. జనులు మొదట ఏడ్చినారు. పిదప, తమకు బోధపడినందున, సంతోషించినారు.

పొరుగున బళ్లారిలో హ్యాండ్సు దొరగారు 1810 నుండి పాటుపడగా 1831లో కన్నడ బైబిలు పూర్తియైనది. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో అచ్చయినది. నేడది మన ఇండ్లలో ఉన్నది గాని, తెలుగు అక్షరాలు రాని పిల్లలు మనలో ఎందరో! అవ్వవలె వారికిని చెవియే ఆధారము. వేదికపై వాక్యము విప్పి చెప్పకున్న, వారికిక తెలుగున వాక్యమెక్కడిది?

గోడ ఆ ఏడే పూర్తియైనది. ఇప్పుడు ఆదివారము అన్నానికి కూర్చున్నప్పుడు అవ్వ ప్రశ్న మేము అడుగుచున్నాము. పిల్లలు సగము తెలుగు, సగము కన్నడము కలిపి జవాబు చెప్పుదురు. చెప్పలేని వారము, తప్పు పిల్లలదేనా అని మొదట ఆలోచింతుము.