మూలం దాకా వెళ్దాం

నిన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, చేనేత మీద పరిశోధన వ్యాసం రాయాలి. నెట్‌లో ఏది నమ్మాలో తెలియడం లేదు" అంది.

శోధగంగ తెరవమన్నాను. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ భాండాగారంలో మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదువుకోవచ్చు. పరిశోధకులు డిజిటల్ ప్రతి కూడా ఇవ్వాలని 2009లో యూజీసీ నిబంధన పెట్టింది.

అక్కడ దొరికిన సిద్ధాంత గ్రంథంలో ముందు ఉపయుక్త గ్రంథసూచి చూడమన్నాను. అందులోని పాత తెలుగు పుస్తకాల్లో అనేకం ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ రూపంలో దొరుకుతాయి. ఒక విషయం సిద్ధాంత గ్రంథంలో ఉన్నా సరే, మూలం చూశాకే రాయాలి. ఒకరి వాక్యాన్ని ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ పోతే తప్పు కూడా నిజంలా చలామణి అయిపోతుంది.

ఊళ్లో గ్రంథాలయం లేని పిల్లలకూ ఈ తలుపులు తెరిచే ఉన్నాయి. తెలియని వాళ్లకు చెప్పండి.