విస్సహికాన్ వాగు ఒడ్డున

కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను అశ్వాలుగా, బుద్ధిని సారథిగా వర్ణించింది. పాఠశాలలో ఆ భాగాన్ని వల్లించే రోజుల్లో రథమంటే మాకు ఉత్సవంలో మందగతిన సాగే స్వామివారి రథమే. వేర్లమీద, రాళ్ళమీద ఉరకలు వేసే రథం ఎట్టిదో యాభై ఏళ్ళు దాటాక, ఫిలడెల్ఫియాలో విస్సహికాన్ వాగు పక్కన, మౌంటెన్ బైకు మీద అనుభవానికి వచ్చింది.

మధుమేహానికి వ్యాయామం తప్పదని వైద్యులు చెప్పగా, భక్తుల పిల్లవాడొకడు ఈ విద్య నేర్పాడు. అర్చకుడు శిఖపై హెల్మెట్ ధరించవచ్చునా అని ఒక పెద్దాయన ఆక్షేపించారు. సంధ్యావందనానికి లోపం రానంతవరకు, తిరిగివచ్చి స్నానం చేశాకే గర్భాలయంలో అడుగుపెడుతున్నంతవరకు, దేహరక్షణార్థమైన ఈ శ్రమలో నాకు దోషం కనబడలేదు.

"పంతులుగారూ, రాయిని చూడకండి. చూస్తే దానిమీదికే వెళ్తారు. వెళ్ళాల్సిన దారిని చూడండి" అన్నాడా పిల్లవాడు. అంతఃకరణం విషయాకారాన్ని పొందుతుందని వేదాంతం చెప్పే మాటకు ఇంతకన్న సులభమైన దృష్టాంతం నేను వినలేదు. ఏటవాలు పల్లంలో ముందు బ్రేకును ఒక్కసారిగా బిగించినవాడు తలక్రిందులవుతాడు. రెండింటినీ మృదువుగా నొక్కుతూ, దేహాన్ని వెనుకకు జరపాలి. హఠనిగ్రహం అక్కడా పనికిరాదు.

ఈ లోయలోని శిలల్లో అభ్రకం ఎండకు తళతళలాడుతుంది. వాగు పక్కనే సాగే విశాలమైన మట్టిబాటలో 1920ల నుండి మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. అందుకే దాని పేరు ఫర్బిడెన్ డ్రైవ్, అనగా నిషిద్ధమార్గం. ఇక్కడొక ఉపనది మీద 1690లో రిట్టెన్‌హౌస్ కుటుంబీకులు పాతగుడ్డల నుండి కాగితం తయారుచేసే మిల్లు స్థాపించారు. తరువాత వాగు పొడవునా ఎన్నో మిల్లులు వెలిశాయి. 1868లో నగర జలరక్షణకై ఈ లోయను ఉద్యానవనంలో చేర్చాక వాటిని క్రమంగా తొలగించారు. వాగులో దిగడం ఇప్పుడు నిషిద్ధం గనుక, సప్తనదీస్మరణ ఒడ్డుననే చేసుకుంటాను.

నన్ను అన్నిటికన్న ఆకర్షించింది హెర్మిట్ లేన్ దిగువనున్న వనం. 1694లో జొహన్నెస్ కెల్పియస్ అనే పండితుడు సుమారు నలభైమంది సాధకులతో సముద్రం దాటివచ్చి ఇక్కడ నివసించాడు. యుగాంతం ఆసన్నమైనదని వారి విశ్వాసం. రాత్రివేళ దూరదర్శినితో ఆకాశాన్ని పరిశీలిస్తూ దైవాగమన చిహ్నాలకై నిరీక్షించారు. ఆయన గుహగా చూపే రాతిగది నిజంగా ఆయనదేనా అన్న వివాదం ఉంది. నాకది ముఖ్యం కాదు. యుగాంతం రాలేదు. వారు పిల్లలకు చదువు చెప్పారు, ఓషధులిచ్చారు, ప్రార్థన మానలేదు. కొందరు వివాహమాడి వెళ్ళిపోయారు. కెల్పియస్ 1708లో, నిరీక్షణలోనే దేహం చాలించాడు.

ఆ రాతిగది ముందు సైకిలు ఆపినప్పుడల్లా మా అన్నయ్య గుర్తుకు వస్తాడు. ఐదేళ్ళకని కోనసీమ విడిచిన నాకు ఇక్కడ ఇరవై రెండేళ్ళు గడిచాయి. తాతగారు అర్చించిన స్వామికి ఇప్పుడు అన్నయ్య ఒక్కడే. మోకాళ్ళు సహకరించక, కుర్చీపై కూర్చుని సహస్రనామార్చన చేస్తున్నాడట. "ఒరేయ్, ధనుర్మాసానికైనా వస్తావురా?" అని ఏటా అడుగుతాడు. వత్తునని, రానని తేల్చని నా నిరీక్షణకు గడువెంత? కెల్పియస్‌కు ఆకాశం జవాబివ్వలేదు. నాకు మాత్రం అటువైపు నుండి ప్రశ్న స్పష్టంగానే వినిపిస్తున్నది.

గత ఆదివారం ఆలయ పెద్దలకు చెప్పాను, మరొక అర్చకస్వామిని వెతకమని. ధనుర్మాసానికి ఇంకా నాలుగు నెలలున్నది. సైకిలును ఆ పిల్లవాడికే ఇచ్చి వెళతాను.