రెండో సంతకం

రైలు టికెట్ మీద మా ఊరి పేరుండదు. దిగేది ఆమదాలవలసలోనే అయినా స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. ఉన్న చోటు ఒకరిది, పేరు ఇంకొకరిది. మా సబ్‌సెంటర్‌లో రిజిస్టర్లు ఎలా నడిచాయో ఆలోచించడం మొదలుపెట్టేదాకా దీన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఈ మండలంలోనే పర్మినెంట్ ఏఎన్ఎంగా చేసి 2022లో రిటైరయ్యాను. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక సబ్‌సెంటర్లకి రెండో ఏఎన్ఎంని కాంట్రాక్టు మీద ఇచ్చారు. మాకూ ఒకమ్మాయి వచ్చింది. మొదటి వారమే ఊళ్లు చెరిసగం పంచుకున్నాం. బుధవారం, శనివారం టీకాలు. ఎవరికి వీలైతే వాళ్లు పీహెచ్‌సీకి వెళ్లి ఐస్‌ప్యాకులు సర్దిన వ్యాక్సిన్ క్యారియర్ తెచ్చేవాళ్లం. గర్భిణుల నమోదు, బీపీ, రక్తపరీక్ష, ఐరన్ మాత్రలు, జ్వరాల సర్వే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి వెంట వెళ్లడం... ఇందులో ఏది పర్మినెంట్ పని, ఏది కాంట్రాక్టు పని?

రిపోర్టు మాత్రం నా సంతకంతో వెళ్లేది. నాకు జీతం ఒకటో తారీఖున పడేది. ఆమెకి బడ్జెట్ వస్తే పడేది, అదీ నా జీతంలో మూడో వంతు లేదు. రెండు మూడు నెలలు రానప్పుడు నా దగ్గర చేబదులు అడిగేది. పాపం అనుకుని ఇచ్చేదాన్ని. మంచిదాన్ననిపించుకోవడం ఎంత చవకో!

2016 అక్టోబరులో, పంజాబ్ ప్రభుత్వానికీ జగ్‌జీత్ సింగ్‌కీ నడిచిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తాత్కాలిక ఉద్యోగులైనా సరే, పర్మినెంటు వాళ్లు చేసే పనే చేస్తుంటే ఆ పోస్టు స్కేలులో కనీస మొత్తం ఇవ్వాలంది. ఇంక్రిమెంట్లు కాదు, కనీసం మాత్రమే. తక్కువ జీతానికి ఒప్పుకున్నవాళ్లు ఇల్లు గడవక ఒప్పుకుంటారు తప్ప ఇష్టపడి కాదని కూడా అంది. అయితే పని ఒకటేనని రుజువు చేసుకోవాల్సిన భారం అడిగేవాళ్ల మీదే.

1976 నాటి సమాన వేతన చట్టం మాలాంటి చోట అక్కరకి రాలేదు. ఆ చట్టం (ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసిపోయింది) ఆడదాని జీతాన్ని మగవాడి జీతంతో పోల్చింది. మా దగ్గర ఎక్కువ తీసుకునేదీ ఆడదే, తక్కువ తీసుకునేదీ ఆడదే. ఆడవాళ్లే చేసే పనిలో ఆడవాళ్లనే రెండుగా విడగొట్టారు. నేను పై ముక్కలో హాయిగా కూర్చున్నాను.

2017లో ఓ సాయంత్రం, క్యారియర్ కడుగుతూ అడిగింది. తోటివాళ్లంతా కలిసి కోర్టుకెళ్దామనుకుంటున్నారట. "అక్కా, మనిద్దరం ఒకే పని సేస్తన్నామని నువ్వో కాయితం రాసిస్తే సాలు."

రాయలేదు. "ఆఫీసులో అడిగితే ఏటి సెప్పమంటావు? నాకింకా సర్వీసుంది" అన్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఇన్నాళ్లకి చెప్పగలుగుతున్నాను. ఇద్దరిదీ ఒకే పని అని రాస్తే నా సీనియారిటీ, నా ఇన్నేళ్ల గొప్ప ఏమైపోతాయోనని భయం. "పోనీలే అక్కా" అని క్యారియర్ బోర్లించింది. మర్నాడు నా వంతు ఊరికి కూడా తనే వెళ్లింది, నాకు మోకాళ్ల నొప్పులని.

సీనియారిటీకి విలువ ఉండకూడదని ఇప్పటికీ అనను. పాతికేళ్లు చేసినదానికి నాలుగు ఇంక్రిమెంట్లు ఎక్కువ రావాలి. కానీ నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలే అందుకున్న స్కేలు ఆమెకి పదేళ్లకి కూడా అందలేదే, దానికీ అనుభవానికీ ఏం సంబంధం?

మొన్న ఆ కాయితం రాశాను. నాలుగు పేజీలయింది. కోవిడ్‌లో నేను మంచం పడితే ఇద్దరి ఊళ్లూ ఆమె ఒక్కతే తిరిగిన ఇరవై రోజులతో సహా. రిటైరైనదాని మాటకి ఎంత విలువుంటుందో వాళ్ల వకీలు చెప్పాలి. ఇంటికొస్తే చేతికిచ్చాను. గుమ్మంలో నిలబడే మొత్తం చదివింది. చివరి పేజీ తిప్పి చూసి, "తేదీ ఎయ్యలేదక్కా" అంది.

పెన్ను తెచ్చి ఆవేళ్టి తేదీ వేశాను.