పల్లవి ఒక్కసారే

మా కాలేజీలో ఎవరూ చెయ్యనన్న పని చివరికి తెలుగు శాఖకు చేరుతుంది. వార్షికోత్సవంలో వందన సమర్పణ, పెద్దలెవరైనా వస్తే సన్మానపత్రం, అన్నీ మావే. మూడేళ్ళ క్రితం కాలేజీ వెబ్‌సైటు కూడా అలాగే నా నెత్తికెక్కింది. "మీకు కంప్యూటరు మీద తెలుగు టైపు చెయ్యడం వచ్చుగదా మాస్టారూ!" అన్నారు ప్రిన్సిపాలుగారు. అంతకు మించిన అర్హత అక్కర్లేదన్నమాట.

దాన్ని తయారుచేసినవాడు మా పాత విద్యార్థే. ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోతూ, ఇంటి తాళాలు అప్పగించినట్టు పాస్‌వర్డు నా చేతికిచ్చాడు. మొత్తం 42 పేజీలు. ప్రతి పేజీకీ నెత్తిమీద ఒక పట్టీ వుంటుంది: ప్రవేశాలు, పరీక్షలు, ఫీజులు, గ్రంథాలయం, హాస్టలు. ఏ పేరు మీద నొక్కితే ఆ పేజీ వస్తుంది. దాన్నే మెనూ అంటారు. చూసేవాళ్ళకు ఒకే మెనూ పేజీ పేజీకీ వెంట వస్తున్నట్టుంటుంది. తీరా లోపలికి వెళ్ళి చూద్దును గదా, ఒకటి కాదు, 42 మెనూలు! ప్రతి పేజీ ఒక విడి ఫైలు. ప్రతి ఫైలులోనూ అవే పన్నెండు పంక్తులు.

కాబట్టి కొత్తగా ఒక్క పేరు చేర్చాలన్నా అదే పని 42 సార్లు చెయ్యాలి. రాత్రి భోజనాలయ్యాక కూర్చునేవాణ్ణి. తెరవడం, మార్చడం, మూయడం, మళ్ళీ తెరవడం. "శుభలేఖలకు పసుపు రాస్తున్నట్టుంది మీ వరస" అని నవ్వేది మా ఆవిడ. నిజమే. కాకపోతే ఒక శుభలేఖకు పసుపు మరిచిపోయినంత మాత్రాన పెళ్ళి ఆగదు.

నా అవస్థ చూసి ఒక కుర్రవాడు ఉపాయం చెప్పాడు. అన్ని ఫైళ్ళలోనూ పాత పంక్తిని వెతికించి, దాని చోట కొత్తది ఒకేసారి పెట్టించవచ్చునట. పెట్టించాను. క్షణంలో అయిపోయింది. ఇన్ని రాత్రులు వృథా చేసుకున్నానే అనుకుని హాయిగా నిద్రపోయాను.

చిక్కంతా అక్కడే వచ్చింది. కంప్యూటరుకు "ఇంచుమించు ఒకటే" అన్నమాట తెలియదు. అంతకుముందు నేను చేత్తో దిద్దినప్పుడు మూడు పేజీల్లో ఎక్కడో ఒక ఖాళీ ఎక్కువ పడింది. ఆ మూడింటినీ అది గుర్తుపట్టలేదు. పాత మెనూతోనే వుండిపోయాయి. చేతిరాత ప్రతుల్లో పాఠభేదాలు ఎలా పుడతాయో, బ్రౌనుదొర 1829లో వేమన పద్యాలు అచ్చువేయించడానికి రాతప్రతుల కోసం ఎంత తంటాలు పడ్డాడో ఏటేటా క్లాసులో చెప్పేవాణ్ణి. నా ఇంట్లోనే మూడు పాఠభేదాలు పుట్టించి కూర్చున్నాను.

ఆ మూడింటిలో ఒకటి ఫీజుల పేజీ. మనం ఏ ఇంటికైనా వీధిగుమ్మంలోంచి వెళతాం. వెబ్‌సైటుకు ఆ మర్యాద లేదు. గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్ళు తిన్నగా వంటింట్లోనే దిగవచ్చు. ఒక పల్లెటూరి అమ్మాయి అలా ఫీజుల పేజీలో దిగింది. అక్కడి మెనూలో హాస్టలు మీద నొక్కింది. పాత మెనూ ఆమెను పాత నోటీసు దగ్గరికి తీసుకువెళ్ళింది. అందులో గడువు జూలై 20. ఆ ఏటి గడువు జూలై 10.

జూలై 15న తండ్రితో వచ్చింది. గదులన్నీ నిండిపోయాయి. "ఇరవయ్యో తారీఖని వుందిగదండీ" అంటూ తండ్రి ఫోను నా ముందు పెట్టాడు. కోపంగా కాదు, తనకే చదవడం రాలేదేమోనన్నట్టు. ఏం చెప్పను? కాలేజీలో చేరింది గాని, రెండు బస్సులు మారి రావలసివచ్చింది. మొదటి పీరియడు నాదే. రోజూ పది నిమిషాలు ఆలస్యంగా గుమ్మంలో నిలబడేది. ఎందుకు ఆలస్యమని నేనెన్నడూ అడగలేదు.

ఆ వారంలోనే హైదరాబాదుకు ఫోను చేశాను. "అయ్యో మాస్టారూ, తప్పు నాది. తొందరలో అలా కట్టేశాను. మెనూను విడిగా ఒక ఫైలులో పెట్టి, మిగతా పేజీల్లో ఇన్‌క్లూడ్ అని రాయండి, చాలు" అన్నాడు. "అంటే ఏమిట్రా?" అన్నాను. వాడు పావుగంట చెప్పాడు. చివరికి నాకు కీర్తనల పుస్తకం జ్ఞాపకం వచ్చింది.

ఏ కీర్తనల పుస్తకమైనా తెరిచి చూడండి. పల్లవి మొదట ఒక్కసారే పూర్తిగా వేస్తారు. ప్రతి చరణం చివరా దాని మొదటి మాట మాత్రం నిలువుగీతల మధ్య వేసి వూరుకుంటారు. పాడేవారు ఆ గుర్తు చూసి పల్లవి అందుకుంటారు. ఇన్‌క్లూడ్ కూడా అంతే. మెనూ ఒకచోటే వుంటుంది. పేజీల్లో దాని పేరు మాత్రం వుంటుంది. ఎవరైనా పేజీ అడగ్గానే సర్వరు ఆ గుర్తు దగ్గర మెనూ తెచ్చి కలిపి పంపుతుంది.

ఇంత తేలిక సంగతి మొదటినుంచీ ఎందుకు లేదని అనుమానం వస్తుంది. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ ఈ వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు ఆయన చూపంతా శాస్త్రజ్ఞుల పత్రాలను ఒకదానికొకటి ముడివెయ్యడం మీదే. పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో బొమ్మను పిలిచే గుర్తు వుంది గాని, ఉమ్మడి పంక్తులను పిలిచి పేజీలో కలుపుకునే గుర్తు ఇవాళ్టికీ లేదు. 1996లో నెట్‌స్కేప్ వారు తెరను గదులుగా చీల్చి, ఒక గదిలో మెనూను స్థిరంగా కూర్చోబెట్టే పద్ధతి తెచ్చారు. వాటిని ఫ్రేములన్నారు. కాని లోపలి పేజీ మారినా పైన చిరునామా మారేది కాదు. వెతికి వచ్చినవాళ్ళకు మెనూ లేని మొండి పేజీ దొరికేది. ఆ పద్ధతి క్రమంగా మూలబడింది. మా కాలేజీకి పనికివచ్చింది 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ లోకానికి విడుదల చేసిన పీహెచ్‌పీ.

రెండు రాత్రుల్లో 42 మెనూలూ తీసేసి ఒకటి మిగిల్చాను. వెంటనే ఇంకో పేచీ. పరీక్షల విభాగంలోని లోపలి పేజీల్లో ఏది నొక్కినా దారి తప్పుతోంది. కారణం విన్నాక నవ్వొచ్చింది. మెనూలో చిరునామాలు "పక్కిల్లే" అన్న పద్ధతిలో వున్నాయి. ఏ ఇంట్లో నిలబడి అంటే ఆ పక్కిల్లు అవుతుంది గదా! ప్రతి చిరునామానూ వూరి మొదటినుంచి చెప్పినట్టు, మొదట్లో ఒక ఏటవాలు గీత పెట్టి రాశాక సర్దుకుంది.

ఉమ్మడి వస్తువుకు ప్రమాదమూ ఉమ్మడే. ఒకసారి ఒక్క గుర్తు తప్పు వేస్తే 42 పేజీలకూ ఒకేసారి తల లేకుండాపోయింది. అయినా అదే నయమనిపించింది. అంతటా కనిపించే తప్పును పది నిమిషాల్లో దిద్దుకుంటాం. మూడుచోట్ల దాక్కున్న తప్పు ఎవరో ఒకరి కూతురికి తగిలేదాకా బయటపడదు.

మరుసటేడు హాస్టలు నోటీసు మారింది. ఒకచోట ఒక పంక్తి మార్చాను. అంతటా మారిందని తెలుసు. అయినా మనసాగక ఫీజుల పేజీ తెరిచి, హాస్టలు మీద నొక్కి, తారీఖు చూసుకున్నాను. ఆ ఏడు ఆ అమ్మాయికి గది దొరికింది. ఏది మార్చినా ఫీజుల పేజీ నుంచి ఒకసారి నొక్కి చూసుకునే అలవాటు మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.