అమ్మకు ఒక ఊత

"ఊత" అనే మాట మీకు తెలుసా? నేను గుడి తరగతిలో నేర్చుకున్నాను. బీరతీగ పక్కన కర్ర పాతుతాం కదా, అది తీగకు ఊత అని మా గురువుగారు చెప్పారు. వాకర్ కొనేటప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

మా అమ్మ 1971లో మారిషస్ నుంచి నర్సు శిక్షణకు ఇంగ్లండ్ వచ్చింది. ఆ రోజుల్లో ఆ ద్వీపం నుంచి చాలామంది అలా వచ్చారు. వాళ్ళ ముత్తాతలు ఒప్పంద కూలీలుగా చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను "కోరంగి" అని కూడా పిలిచేవారు. అమ్మ ముప్పై ఏళ్ళు వార్డుల్లో రోగులను మంచం మీద నుంచి లేపి నడిపించింది. ఇప్పుడు తన మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తుంది. బయటికి రావడం దాదాపు మానేసింది.

వాకర్ మాట ఎత్తితే, "అది రోగులకు" అనేది. మీ ఇంట్లో కూడా ఈ మాట విని ఉంటారు.

నేను వాదించలేదు. ఐనా వీఫాల్క్ గురించి చెప్పాను. ఆమెది స్వీడన్. పోలియో వల్ల ఆమెకు నడక కష్టమైంది. 1978లో ఈ చక్రాల వాకర్‌ను తయారు చేసింది ఆమే. "అయితే నడవలేని మనిషే దీన్ని కనిపెట్టిందన్నమాట" అని అమ్మ కాసేపు ఆలోచించింది. తరువాత ఫిజియోథెరపిస్టు దగ్గరికి వస్తానంది.

మీరూ ముందు అక్కడికే వెళ్ళండి. కొన్ని ప్రాంతాల్లో వాకర్ అరువుగా, ఉచితంగా ఇస్తారు. కొనదలిస్తే, మనిషిని తీసుకెళ్ళకుండా కొనకండి. రోజూ వేసుకునే బూట్లతో నిటారుగా నిలబడమనండి. చేతులు కిందికి వదిలేస్తే, మణికట్టు దగ్గరి గీత ఎంత ఎత్తున ఉందో పిడి అంత ఎత్తున ఉండాలి. పిడి మరీ కిందికి ఉంటే వీపు వంగిపోతుంది. బ్రేకు నొక్కి చూడమనండి. వేళ్ళలో కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు కొన్ని బ్రేకులు చాలా గట్టిగా ఉంటాయి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

మూడు చక్రాలా, నాలుగు చక్రాలా? మా ఇంటి నడవ చాలా ఇరుకు. మూడు చక్రాలది సులువుగా తిరుగుతుంది, తేలికగా మడుస్తాం. కానీ దానికి సాధారణంగా సీటు ఉండదు, నాలుగు చక్రాలదంత నిలకడగానూ ఉండదు. అమ్మ మూడు చక్రాలదే కావాలంది. అప్పుడు ఫిజియోథెరపిస్టు ఒకే ప్రశ్న అడిగింది: "ఎంత దూరం నడిచాక మీకు కూర్చోవాలనిపిస్తుంది?"

అమ్మ నా వైపు చూసింది. "బస్టాపు దాకా కూడా వెళ్ళలేను" అంది. నేను ఆ మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

అందుకే సీటున్న నాలుగు చక్రాలది తీసుకున్నాం. ఇంట్లో గోడకు పట్టీలు బిగించాం, వాకర్‌ను మడిచి తలుపు దగ్గర పెడతాం. సీటు మీద కూర్చునే ముందు రెండు బ్రేకులూ కిందికి నొక్కి లాక్ చేయాలి. కూర్చున్న మనిషిని ఎప్పుడూ తొయ్యకండి, అది చక్రాల కుర్చీ కాదు.

ఇంకొక మాట. దీర్ఘకాలపు జబ్బు లేదా వైకల్యం ఉన్నవాళ్ళు తమ కోసం కొనుక్కునే వాకర్ మీద వ్యాట్ కట్టక్కర్లేదు. దుకాణంలో ఒక ఫారం ఇస్తారు, అడగండి. అందులో జబ్బు ఏమిటో వివరంగా రాయాలి. నేను కలం తీశాను. అమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. ముప్పై ఏళ్ళు ఇతరుల చార్టుల్లో రాసిన అదే గుండ్రటి అక్షరాలతో, తన పేరు కింద, "రెండు మోకాళ్ళకూ ఆస్టియో ఆర్థరైటిస్" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టింది.