రైతుబజార్ దాకా నడిచొద్దామా?

వనస్థలిపురంలో ఉదయం ఆరున్నరకి రోడ్డు మీద ఎవరెవరు కనిపిస్తారో నాకు కంఠతా వచ్చు. పాల ప్యాకెట్ల సంచితో రిటైరైన ఉద్యోగులు, గుడి ముందు పూలు గుచ్చుకుంటూ కూర్చునే ముసలామె, ఇడ్లీ బండి దగ్గర చట్నీ ఇంకాస్త వెయ్యమనే ఆటోవాళ్లు. ముప్ఫై ఏళ్లకు పైగా చూస్తున్న వీధే. కానీ కిందటేడాది వానాకాలంలో ఆ వీధే నాకు కొత్తగా కనిపించింది. ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, ఏ సందులో కుక్కలు వెంటపడతాయి... ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ నడిచాను. ఎందుకంటే పక్కన ఆరో నెల కడుపుతో మా అమ్మాయి ఉంది.

మా ఊరి గురించి కాస్త చెప్పాలి. ఊరంటున్నాను గానీ, ఇది నగరంలోని ఓ పేటే. విజయవాడ వెళ్లే హైవే మీద ఎల్బీనగర్ దాటితే సుష్మా థియేటర్, దాని లోపలి వైపు మేము. హౌసింగ్ బోర్డు ఇళ్లు, ఎన్జీవోస్ కాలనీ, ఎఫ్‌సీఐ కాలనీ, సాహెబ్‌నగర్... ఇక్కడికి వచ్చిన వాళ్లలో సగం మంది ప్రభుత్వోద్యోగులే. నల్లగొండ వాళ్లు, ఖమ్మం వాళ్లు, కృష్ణా, గుంటూరు వాళ్లు హైవే పట్టుకుని వచ్చి ఇక్కడే దిగిపోయారా అనిపిస్తుంది. కాబట్టి ఓ ఇంట్లో సకినాలు చేస్తే పక్కింట్లో చలిమిడి దంచుతారు. రెండూ గోడ మీదుగా మా ఇంటికే వస్తాయి. ఇది వరమా, శాపమా అన్నది ముందు ముందు తెలుస్తుంది!

హైవే పక్కన జింకల పార్కు. మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాముల వేటస్థలం. మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లయిన సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. దాదాపు 3,600 ఎకరాలు. ఇన్ని ఇళ్ల మధ్య కృష్ణజింకలు ఇంకా బతికున్నాయంటే ఆ కంచె చలవే.

గ్లూకోజు నీళ్లు తాగిన రోజు

మా అమ్మాయిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లయ్యాక కూకట్‌పల్లిలో ఉంటోంది. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా అని ఏడో నెలలో తీసుకురావాలనుకున్నాం. కానీ ఆరో నెలలోనే వచ్చేసింది. ఆసుపత్రిలో 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీశారు. 140 లోపు ఉండాలట. 163 వచ్చింది. గర్భంతో వచ్చే షుగరన్నమాట. మా వంశంలో నాకుంది, మా అమ్మకుండేది. పిల్లకి నేనిచ్చిన ఆస్తి ఇదేనా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డాక్టరమ్మ భయపెట్టలేదు. "రెండు వారాలు తిండి, నడక చూద్దాం. భోజనం చేసిన రెండు గంటలకు 120 లోపు రావాలి. రాకపోతే ఇన్సులిన్" అంది. అంతే. రెండు వారాలు! పరీక్షకి చదివే పిల్లల్లా అయిపోయాం ఇంటిల్లిపాదీ.

మొదటి రోజు మా ఆవిడ ఓ చార్టు రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ఉదయం పెసరట్టు, పదకొండింటికి జామకాయ, మధ్యాహ్నం రెండు గరిటెల అన్నం, ఆకుకూర పప్పు, పెరుగు... అలా రాత్రి పాల దాకా. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మూడో రోజుకి ఆ చార్టు మీద ఎవరి కళ్లూ పడలేదు. అమ్మాయికి మీటింగులు. పదకొండింటి జామకాయ ఒంటిగంటకి, ఒంటిగంట భోజనం మూడింటికి. ఆకలి దంచేసరికి గరిటెల లెక్క ఎవరికి గుర్తుంటుంది? నడక సంగతి సరేసరి. "రేపట్నుంచి నాన్నా" అనేది. ఆ రేపు నాకు బాగా తెలుసు. నేనూ పదేళ్లు అదే రేపటితో గడిపినవాణ్ని.

దారి చూపించింది రైతుబజారే. ఓ సాయంత్రం "గోంగూర అయిపోయింది, తెచ్చుకుందాం రా" అన్నాను. నడకకి రానిది గోంగూరకి వచ్చింది! వెళ్లడానికి పన్నెండు నిమిషాలు, రావడానికి పదిహేను. మధ్యలో కూరలు ఏరడం. మర్నాడు పొన్నగంటికూర కోసం, ఆ మర్నాడు బచ్చలి కోసం. నేను కావాలనే రోజుకి ఒక్క కూరే కొనేవాణ్ని. సంచీ నిండా తెచ్చేస్తే రేపు వెళ్లడానికి సాకు ఉండదుగా!

ఆకుకూరలమ్మే ఆమె యాచారం వైపు నుంచి వస్తుంది. వారం తిరక్కుండానే మాకు చుట్టమైపోయింది. ఒకరోజు నేనొక్కణ్నే వెళ్తే, "ఏం సారూ, బిడ్డ ఇయ్యాల రాలే?" అని అడిగింది. కాళ్లు వాచాయని పడుకుందన్నాను. "పడుకుంటె ఎట్ల? డాక్టరుకు చూపెట్టుండ్రి, రేపు తోల్కరాండ్రి" అంది. ఇంటికొచ్చి అమ్మాయికి చెప్పాను. బీపీ చూపించుకున్నాం, బాగానే ఉంది. మర్నాడు తనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. చార్టు చెయ్యలేని పని ఆ ప్రశ్న చేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క, ఇబ్బందులేమీ లేని గర్భిణులకి వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం చాలు. మాకు మాటలకి లోటు లేదు. భోజనమయ్యాక పది పదిహేను నిమిషాలు తిరిగితే మీటర్లో అంకె ఎలా దిగుతుందో మా కళ్లతో చూశాం. వానపడ్డ రోజు డాబా మెట్ల కింద వరండాలోనే అటూ ఇటూ. అయితే రక్తం కనిపించినా, నీరు పోతున్నా, ఆయాసమొచ్చినా నడక ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. డాక్టరు వద్దన్నవాళ్లు నా మాట విని రోడ్డెక్కకండి.

తిండిలో మేం బోల్తాపడ్డది రాగిజావ దగ్గర. షుగరుకి మంచిదని రోజూ పొద్దున్న పెద్ద గ్లాసుడు పోశాం. మీటరు 150 దాటింది! మెత్తటి పిండి, పైగా పల్చగా ఉడికింది, గబుక్కున ఒంట్లో కలిసిపోతుందని ఆసుపత్రిలో పోషకాహారం చెప్పే అమ్మాయి వివరించింది. జావ మానేసి రెండు పెసరట్లు, ఓ ఉడికించిన గుడ్డు పెడితే 112. సాయంత్రాలు రోడ్డు పక్క పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చే ఆమె దగ్గర రెండు రొట్టెలు. పండ్లరసం బంద్, పండు మాత్రం కొరుక్కుని తినడం.

పద్నాలుగో రోజున ఆసుపత్రిలో 117 వచ్చింది. దారిలో నేనే ఓ మిరపకాయ బజ్జీ తిని పండగ చేసుకున్నాను.

ఇద్దరి తిండి

అసలు యుద్ధం ఆ తర్వాత మొదలైంది. ఏడో నెల, సీమంతం. గోడకి అటువైపు నుంచి చలిమిడి, ఇటువైపు నుంచి బూరెలు, వియ్యంకుల నుంచి ఐదు రకాల స్వీట్లు. "ఇద్దరి తిండి తినాలే తల్లీ" అని ప్రతి పిన్నిగారూ ఓ లడ్డూ నోట్లో పెట్టబోయేవారే. ప్రేమని కాదనడం ఎంత కష్టం!

నిజానికి ఇద్దరి తిండంటే ఎంత? మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆ సంస్థ నిపుణులు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం గర్భిణికి రోజుకి అదనంగా కావలసింది 350 కేలరీలు. అంటే గ్లాసుడు పాలు, ఓ గుడ్డు, గుప్పెడు వేరుసెనగ గుళ్లు. రెండో కంచం కాదు.

మా ఆవిడ ఉపాయం కనిపెట్టింది. ఎవరేం తెచ్చినా "అమ్మాయి చేత్తో ముట్టుకుని ఇస్తుంది, అందరం తిందాం" అని అక్కడికక్కడే పంచేసేది. తెచ్చినవాళ్లకి తృప్తి, అమ్మాయికి చిటికెడు. బొప్పాయి మీద మాత్రం వాదన పెట్టుకోలేదు. పచ్చిదే వద్దు, బాగా పండింది పర్వాలేదని డాక్టరమ్మ చెప్పింది. కానీ మా అత్తగారి ముందు ఆ మాటెవరంటారు? జామకాయలుండగా వీధిలో తగవు దేనికి!

మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయీ అప్పుడు ఐదో నెల. ఆమె సంగతి పూర్తిగా వేరు. మా అమ్మాయికి అన్నం తగ్గించాలని మేం తంటాలు పడుతుంటే, ఆమెకి హిమోగ్లోబిన్ 8.6. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి ఉంది. మా ఏరియా ఆసుపత్రిలో అలా చూపించుకుంటే తెలిసింది. ఐరన్ మాత్రలు రోజుకి రెండు వేసుకోమన్నారు. ఆమె వాటిని టీతో మింగేది. టీ ఐరన్‌ని ఒంట్లో కలవనివ్వదని మా ఆవిడ నిమ్మకాయ నీళ్లు చేతికిచ్చేది.

"గుడ్డు తింటున్నావా?" అని ఓ రోజు అడిగాను. "అంగన్‌వాడీల తింట సారూ. ఇంటికి తెస్తె పెద్దోడు అడుగుతడు, నా నోట్లకెట్ల పోతది?" అంది. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే కూర్చోబెట్టి పెట్టాలని ఎందుకు నియమం పెట్టారో నాకు అప్పుడు తెలిసింది. తల్లి చేతికిచ్చిన గుడ్డు తల్లి కడుపులోకి వెళ్లదు. కళ్ల ముందు తినిపించాల్సిందే. ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకి మా ఆవిడ కూడా అమ్మాయి ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చోవడం మొదలెట్టింది. మీటింగున్నా సరే, కంప్యూటరు మూత పడేది.

ఎనిమిదో నెలలో అంకెలు మళ్లీ పెరిగాయి. 128, 134. అదే తిండి, అదే నడక, అయినా పెరిగాయి. చిన్న మోతాదులో ఇన్సులిన్ తప్పదన్నారు. "ఇంత చేసి ఏం లాభం నాన్నా?" అని అమ్మాయి ఏడ్చింది. నాకూ మాట రాలేదు. బిడ్డ పెరిగేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని పనిచెయ్యనివ్వవట. అది తల్లి తప్పు కాదని, నడక వల్లనే మోతాదు తక్కువలో ఉందని డాక్టరమ్మ చెప్పాక గానీ కుదుటపడలేదు. ఆ సాయంత్రం కూడా రైతుబజార్‌కి వెళ్లాం. సగం దూరంలో కూర్చోవడానికి కిరాణా కొట్టాయన స్టూలు వేశాడు. చివరి నెలంతా ఆ స్టూలు మాదే.

'బాగా నడిస్తే నార్మల్ అవుతుంది' అని అందరూ అన్నారు. కాలేదు, ఆపరేషనే అయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. ఎన్ని అవసరమో, ఎన్ని కాదో నాలాంటివాడు చెప్పలేడు. నడక అలాంటి హామీ ఏమీ ఇవ్వదని మాత్రం తెలిసింది. పాప 2.9 కిలోలు. పుట్టగానే పాపకీ చక్కెర చూశారు, బాగానే ఉంది. మా పనమ్మాయి హిమోగ్లోబిన్ కాన్పు నాటికి పదిన్నరకి చేరింది. కొడుకు పుట్టాడు.

కాన్పయిన ఆరు వారాలకి మళ్లీ గ్లూకోజు నీళ్లు తాగి పరీక్ష చేయించుకోవాలి. చాలామంది పసిబిడ్డ సందడిలో మర్చిపోతారట. మేం క్యాలెండరు మీద ఎర్రసిరాతో గుండ్రం చుట్టుకున్నాం. 109 వచ్చింది. ఏటా చూపించుకుంటూ ఉండమన్నారు.

వచ్చే దారిలో అమ్మాయి ఆటో ఆపించి రైతుబజార్లోకి వెళ్లింది. ఆకుకూరలామె పాపని ఎత్తుకుని, చేతికి కొత్తిమీర కట్ట తగిలించింది. దాని డబ్బులు తీసుకోలేదు.